మనోళ్ల మొహల్లాలోనే ఎందుకు?

మా ఆపా వాళ్లది కడప. వాళ్ల అమ్మాయికి కర్నూలు రాయలసీమ యూనివర్సిటీలో పీజీ సీటు వచ్చింది. హాస్టల్ వద్దు, గది తీసుకుంటానంది. ఇక దస్తర్‌ఖాన్ చుట్టూ పంచాయతీ మొదలైంది. దుల్హే భాయి, ఖాలా, చచ్చా, ఫోన్లో ఫుప్పూ, అందరిదీ ఒకటే సలహా: "పాతబస్తీలో చూడండి, మనోళ్లుంటారు." ఆ యూనివర్సిటీ ఎక్కడుందని ఒక్కరూ అడగలేదు. పిల్ల నా పక్కకొచ్చి మెల్లగా, "మామూ, నేను చదువుకోనీకి పోతాండానా, మొహల్లాకి కాపలా ఉండనీకి పోతాండానా?" అంది.

ఆ రోజు ఎవరూ జవాబివ్వలేదు. నేనిస్తాను. పెద్దలకు కోపమొస్తే మాఫ్ చేయాలి.

కర్నూలు తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. పాతబస్తీ కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల, తుంగభద్రా హంద్రీ కలిసే చోటికి దగ్గర్లో ఉంది. రాయలసీమ యూనివర్సిటీ నంద్యాల రోడ్డులో ఊరి బయట. ఉర్దూ యూనివర్సిటీ సొంత స్థలమూ ఆ రోడ్డులోనే, ఓర్వకల్లు వైపు. సాయంత్రం లైబ్రరీ నుంచి బయల్దేరిన పిల్ల ఊరంతా దాటి ఇల్లు చేరాలి. మగ్రిబ్‌లోపు ఇంట్లో ఉండాలన్నదీ మన షరతే. రెండూ కలిపి చూడండి. ఫీజు కట్టి లైబ్రరీ మూసేసినట్టే కదా?

హిఫాజత్ అంటారు. 2009 అక్టోబర్ 2 గుర్తుందా? నదులు పొంగి పాతబస్తీ మునిగినప్పుడు నీళ్లు ఎవరి నామ్ అడగలేదు. మా ఇంట్లో ఉర్దూ, తెలుగు కితాబులు కలిసే ముద్దయ్యాయి. ఆ రెండు రాత్రులూ మమ్మల్ని మేడ మీద ఉంచుకుని అన్నం పెట్టింది ఎగువ కాలనీలో మాకు ముఖం కూడా తెలియని ఒక తెలుగు మాస్టారు. ఆయన మనోడా, పరాయోడా?

అలాగని మన ఖౌఫ్ అంతా వహమ్ అని నేననను. పీజీ తెలుగు చదవడానికి నేను కడప వచ్చినప్పుడు ఒకింటాయన నా తెలుగు విని ముచ్చటపడి గది చూపించాడు. పేరు చెప్పగానే, "అయ్యో, నిన్ననే ఒకరికి మాటిచ్చినాం నాయనా" అన్నాడు. వారం తర్వాత కూడా ఆ గేటుకు టులెట్ బోర్డు వేలాడుతూనే ఉంది. నాలాంటి వాళ్లు ఎందరో. ముస్లింలకు కావలసిన చోట ఇల్లు దొరకడం లేదనీ, భయంతో ఒకేచోట పోగవుతున్నారనీ 2006లో సచార్ కమిటీ కూడా రాసింది. రాజ్యాంగం 15వ అధికరణం మజహబ్ పేరుతో వివక్ష చూపొద్దని సర్కారును కట్టడి చేస్తుంది. సొంతిల్లు కిరాయికిచ్చే ఇంటాయన మాత్రం దాని చేతికి చిక్కడు.

ఉగాదికి మనవాళ్లు దేవుని కడప గుడికి పోతారు, బీబీ నాంచారమ్మ మన ఆడబిడ్డ అంటారు. పెద్ద దర్గా ఉర్సుకు హిందువులు బారులు తీరుతారు. పండగనాడు ఇంత మొహబ్బత్ ఉన్నవాళ్లం కిరాయి దగ్గరికొచ్చేసరికి పేరు అడుగుతాం. కర్నూలైతే 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఎక్కడెక్కడి నౌకర్లో వచ్చి దిగారు. ఏ క్యాంప్, బీ క్యాంప్, సీ క్యాంప్ ఆనాటి గుర్తులే. అంతమందికి చోటిచ్చిన ఊరిలో ఒక చదువుకునే పిల్లకు గది దొరకదా అని వాళ్లను నిలదీసే హక్కు మనకుంది.

కానీ నిలదీసే ముందు మన గల్లీలోకి ఒకసారి రండి. మనింట్లో పై పోర్షన్ ఖాళీ అయితే ఎవరికిస్తున్నాం? దళిత కుర్రాడొస్తే "పర్దా ఇల్లు బాబూ" అంటాం. అదే కుర్రాడు మన బిరాదరీవాడైతే పర్దా అడ్డు రాదు. దూదేకుల వాళ్లొస్తే, "నమాజు చదువుతారా?" అని ఇంతిహాన్ పెడతాం. ఒంటరి ఆడపిల్ల వస్తే, "తోడు ఎవరూ లేరా?" అంటూ పైనుంచి కిందికి చూస్తాం. కడప ఇంటాయన నాతో చెప్పిన అబద్ధమే మనమూ చెప్తున్నాం, కాకపోతే ఉర్దూలో. సూరా నిసాలో దగ్గరి హమ్‌సాయాతోపాటు పరాయి హమ్‌సాయా మాటా ఉంది. జుమా బయాన్‌లో తలూపి, ఇంటికొచ్చి తలుపేసుకుంటే ఎట్లా? 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ సాహెబ్ పెట్టిన ఉస్మానియా కాలేజీలో అన్ని కులాల పిల్లలూ చదువుకున్నారు. ఆ కాలేజీ మాదని ఫఖర్‌గా చెప్పుకునే మనం మన గేటు దగ్గర ఆ పిల్లలనే వెనక్కి పంపుతున్నాం.

సహరీకి లేపేదెవరు, హలాల్ దుకాణం ఎక్కడ, మసీదు ఎంత దూరం? ఇవి సరైన సవాళ్లే. అడగండి. కానీ ముందు క్యాంపస్ దూరం, చివరి బస్సు టైము, వీధి దీపాలు, నీళ్లు, తోటి పిల్లలెవరు అన్నది అడగండి. పిల్లే పాతబస్తీ కావాలంటే సంతోషంగా అక్కడే ఉంచండి. అది ఆమె మర్జీ కావాలి, మన ఖౌఫ్ కాకూడదు.

మా భాంజీ నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర గది వెతికింది. ఫోన్‌లో మొదటి మాటగానే తన పూర్తి పేరు చెప్పేది. ముగ్గురు కాదన్నారు. నాలుగో ఆమె, "అడ్వాన్సు రెండు నెలలది, నీళ్లు పొద్దున్నే పట్టుకోవల్ల, సరేనా పాపా?" అంది. అంతే. ఇప్పుడు ఆదోని పిల్ల, ఆళ్లగడ్డ పిల్ల, మా పిల్ల ఒకే గదిలో ఉన్నారు.

మీ పై పోర్షన్ ఖాళీ అయినప్పుడు ఆ నాలుగో ఆమెను గుర్తు చేసుకోండి. అడ్వాన్సు అడగండి, నీళ్ల టైము చెప్పండి. జాత్, బిరాదరీ అడగకండి. ఆ తర్వాత ఆ ముగ్గురి మీద కలిసి కొట్లాడదాం, నేను ముందుంటాను.