పేరుకు కోటి!

ఇంటర్నెట్ చిరునామాల చివర కనిపించే డాట్ కామ్, డాట్ ఇన్ మనందరికీ తెలిసినవే. అలాంటి కొత్త తోకలు కావాలనుకునేవారి నుంచి ఐకాన్ సంస్థ 2012లో దరఖాస్తులు పిలిచింది. రుసుము 1,85,000 డాలర్లు. అంటే అప్పటి లెక్కన దాదాపు కోటి రూపాయలు! మొత్తం 1,930 దరఖాస్తులు వస్తే, ఆఫ్రికా ఖండం నుంచి వచ్చినవి 17.

అంత స్తోమత లేనివారికి, ముఖ్యంగా వర్ధమాన దేశాలవారికి రుసుమును 47,000 డాలర్లకు తగ్గించే ఏర్పాటూ ఉంది. కానీ సాయం అడిగింది ముగ్గురే. దక్కింది ఒక్కరికి... పిల్లల కోసం డాట్ కిడ్స్ కోరిన హాంకాంగ్ సంస్థకు. అదే పేరుకు అమెజాన్ కూడా పోటీపడింది. చివరికి 2022లో ఆ తోక హాంకాంగ్ సంస్థ చేతికే వచ్చింది.

మరి మిగతావాళ్లు ఎందుకు అడగలేదు? సాయానికి అర్హత లేదని తేలితే ఏకంగా పోటీ నుంచే తప్పుకోవాలన్నది అప్పటి షరతు. పైగా ఈ సంగతి చాలామందికి చేరనేలేదన్న విమర్శలూ వచ్చాయి.

2026 విడతకు రుసుము 2,27,000 డాలర్లు. ఎంపికైన వారికి 75 నుంచి 85 శాతం తగ్గింపు. ఈసారి సాయానికి దరఖాస్తులు 2024 నవంబరులోనే మొదలుపెట్టారు. సాయం ఉండటం వేరు, ఉందని తెలియడం వేరు. మన పిల్లల స్కాలర్‌షిప్పుల సంగతీ అంతేగా!