పసిపాప కంటికి సుర్మా: పరీక్ష కాగితం ఏదీ?

షోలాపూర్ నుంచి ఒక తల్లి ఉత్తరం రాశారు. పాపకు ఐదో నెల. పురుడు వెళ్ళిన మర్నాటి నుంచీ అత్తగారు పాప కళ్ళకు సుర్మా పెడుతున్నారట. కళ్ళు విశాలమవుతాయనీ, దిష్టి తగలదనీ పెద్దావిడ నమ్మకం. పిల్లల డాక్టరు వద్దన్నారు. "సుర్మా మీ యునానీ మందే కదా, మీరే చెప్పండి, పెట్టవచ్చా?" అని ప్రశ్న.

పెట్టవద్దమ్మా. ఇవాళే ఆపేయండి. డాక్టరు గారు చెప్పింది నిజం. ఒక హకీం ఇంత సూటిగా అంటున్నాడేమిటని పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. మా వాళ్ళలో కొందరికి కోపం కూడా రావచ్చు. అందుకే కారణం కొంచెం వివరంగా రాస్తున్నాను.

మా గ్రంథాలు కంటికి మంచిదని చెప్పిన రాయి పేరు ఇస్మిద్. అది ఆంటిమొనీ ఖనిజమని మా చదువులో చెప్పారు. నల్లగా, మెరుస్తూ, బరువుగా ఉంటుంది. బజారులో సుర్మా రాయి అని అడిగితే ఇచ్చేది కూడా నల్లగా, మెరుస్తూ, బరువుగానే ఉంటుంది. కానీ చాలాచోట్ల అది గెలీనా, అంటే సీసమూ గంధకమూ కలిసిన ఖనిజం. గుంటూరు ప్రాంతంలో అగ్నిగుండాల దగ్గర ఒకప్పుడు సీసం కోసం తవ్వి తీసిన ఖనిజం ఇదే. స్వచ్ఛమైన గెలీనాలో నూటికి 86 పాళ్ళకు పైగా సీసమే ఉంటుంది.

నేను పని నేర్చుకున్న రోజుల్లో ఈ రాయిని ఖరల్‌లో వేసి, అర్క్ గులాబ్ పోస్తూ రోజుల తరబడి నూరేవాళ్ళం. ఉస్తాద్ వచ్చి చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూసేవారు. ఏమాత్రం గరుకు తగిలినా మళ్ళీ నూరమనేవారు. మంచి పరీక్షే. గరుకు పొడి కంటిని గీస్తుంది కదా. అయితే ఆ పరీక్ష చెప్పేది మెత్తదనం ఒక్కటే. ఆ పొడి దేనితో తయారైందో వేలికి ఎలా తెలుస్తుంది? సీసాన్ని మరింత మెత్తగా నూరితే ఒంట్లో కలవడానికి మరింత వీలవుతుంది, అంతే.

ఒకనాడు అనుమానం వచ్చి, నా దగ్గర మిగిలిన రాయిని కంసాలి త్రాసు తెప్పించి తూచాను. గాలిలో 90 గ్రాములు. దారం కట్టి నీళ్ళలో వేలాడదీసి తూస్తే 78. తేడా 12 గ్రాములు. తొంభైని పన్నెండుతో భాగిస్తే ఏడున్నర. ఆంటిమొనీ ఖనిజం నీటికంటే సుమారు 4.6 రెట్లు బరువు, గెలీనా సుమారు ఏడున్నర రెట్లు. తర్వాత లాబొరేటరీకి పంపితే అదే మాట కాగితం మీద వచ్చింది. అప్పటికి ఇరవై ఏళ్ళుగా ఆ రాయినే నూరి ఇస్తున్నాను. ఎన్ని పసికళ్ళకు ఇచ్చానో లెక్క లేదు.

యంత్రాలు, పరీక్షలు ఇంగ్లీషు వైద్యం వాళ్ళవి, మనకెందుకు అనే మిత్రులకు ఒక మాట. రత్నాలనూ లోహాలనూ నీటి సాయంతో తూచి, ఏది అసలో ఏది నకిలీయో తేల్చే పద్ధతిని పదకొండో శతాబ్దంలోనే అల్ బీరూనీ చక్కగా చేసి చూపాడు. 1121లో అల్ ఖాజినీ త్రాసు మీదే ఒక పెద్ద గ్రంథం రాశాడు, పేరు మీజాన్ అల్ హిక్మా. ఇబ్న్ సీనా పేరు చెప్పుకునే మనం ఆయన కాలం వాడే అయిన బీరూనీ త్రాసును మాత్రం కంసాలికి వదిలేశాం.

త్రాసు రాయి వరకే పనికొస్తుంది. పొడి అయ్యాక, వేరే వస్తువులు కలిశాక అది చాలదు. అక్కడ లాబొరేటరీ కావాలి. బంగారం నగను ఒక పెట్టెలో పెట్టి నిమిషంలో క్యారెట్ చెప్పే యంత్రాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. నగ మీద ఎక్స్‌రే పడినప్పుడు అందులోని ప్రతి మూలకమూ తనదైన ఎక్స్‌రేను తిరిగి వెదజల్లుతుంది. ఆ గుర్తులు మూలకాన్ని బట్టి ఒక వరుసలో మారతాయని 1913లో కనిపెట్టినవాడు మోస్లీ అనే ఆంగ్ల యువకుడు. రెండేళ్ళకే, 27వ ఏట, గల్లిపోలి యుద్ధంలో తూటా తగిలి చనిపోయాడు. ఆ సూత్రం మీద నడిచే యంత్రమే సుర్మాలో సీసాన్ని కూడా పట్టి ఇస్తుంది. నగల దుకాణంలోని పెట్టె బంగారానికి సరిచేసి పెట్టినది కాబట్టి పొడిని అక్కడికి తీసుకెళ్ళకండి. లాబొరేటరీకే పంపాలి.

సీసం చాలా కొద్దిగా ఉన్నప్పుడు లెక్క తేల్చేది మరో యంత్రం. నమూనాను ఆమ్లంలో కరిగించి మంటలోకి పిచికారీ చేస్తారు. సీసపు దీపం నుంచి వచ్చే కాంతిని ఆ మంట గుండా పంపుతారు. మంటలోని సీసపు పరమాణువులు ఆ కాంతిలో కొంత మింగేస్తాయి. ఎంత మింగాయో చూసి ఎంత సీసం ఉందో చెబుతారు. ఆస్ట్రేలియాలో ఆలన్ వాల్ష్ 1955లో ప్రకటించిన పద్ధతి ఇది. కేవలం మూలికలతో చేసిన మందుల్లో సీసం పది లక్షల పాళ్ళకు పది పాళ్ళు దాటకూడదని మన దేశంలో హద్దు ఉంది. అంటే కిలోకు 10 మిల్లీగ్రాములు. గెలీనా సుర్మా అయితే ఒక్క గ్రాములోనే ఎనిమిది వందల మిల్లీగ్రాములకు పైగా ఉండవచ్చు.

ఇక ఫ్రెంచి పరిశోధన మాట. ప్రాచీన ఈజిప్టు వాళ్ళ కాటుకలో సీసం ఉండేదనీ, అది కంటిని కాపాడిందనీ సైన్సే చెప్పిందని కొందరు వాదిస్తారు. లూవ్ర్ మ్యూజియంలోని భరిణెల పొడులను పరీక్షించి, వాటిలో మనిషి చేతితో తయారుచేసిన సీసపు లవణాలున్నాయని 1999లో ప్రకటించిన మాట నిజం. అతి స్వల్పమైన సీసం చర్మకణాల్లో రక్షణకు పనికొచ్చే నైట్రిక్ ఆక్సైడును పెంచిందని 2010లో తేల్చిన మాటా నిజం. అయితే అది ప్రయోగశాలలో కణాల మీద చేసిన పని. అందులో వాడింది లవణం, అదీ లేశమంత. దాన్ని చూపించి గెలీనా పొడిని ఐదు నెలల పాప కంట్లో రోజూ దిద్దడం న్యాయం కాదు.

కంట్లో పెట్టింది కంట్లోనే ఉండదు. కన్నీటితో ముక్కులోకి, గొంతులోకి దిగుతుంది. పాప కళ్ళు నులుముకుని అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. పసిపిల్లల పేగులు పెద్దవాళ్ళ పేగులకంటే ఎక్కువ సీసాన్ని పీల్చుకుంటాయి. రక్తం తగ్గుతుంది, మలబద్ధకం, కడుపునొప్పి రావచ్చు. అన్నిటికంటే ఎక్కువ దెబ్బ ఎదిగే మెదడుకు. పైకి ఏ లక్షణమూ లేకుండానే ఆ నష్టం జరగవచ్చు. ఇంత వరకు ఫరవాలేదు అనే మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

నా అభిప్రాయం ఇది. సుర్మా తయారుచేసే ప్రతి దవాఖానా, ప్రతి కంపెనీ రాయిని నూరకముందే పరీక్ష చేయించాలి. సీసం ఎంతో డబ్బా మీదే అచ్చు వేయాలి. ఖర్చవుతుందనే సాకు నేను ఒప్పుకోను. కాంతి లేని, కాగితం పొట్లాల్లో కట్టిన సుర్మాను ఉరుసుల్లో, జాతరల్లో కొనకండి. లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు ఉన్న సరుకైనా పరీక్ష రిపోర్టు అడగండి. విసుక్కుంటే వచ్చేయండి. రిపోర్టు ఎంత బాగున్నా పసిపిల్లలకు మాత్రం వద్దు. అసలైన ఆంటిమొనీ అయినా వద్దు. ఇంట్లో ఆముదం దీపానికి పట్టిన కాటుకలో ఈ రాయి ఉండదు కానీ, వేలితో కంట్లో దిద్దితే ఆ వేలి మురికీ వెళుతుంది. దిష్టికి అరికాలిలో చుక్క పెట్టుకుంటే చాలదా?

షోలాపూర్ అమ్మా, మీ అత్తగారి మీద కోపం పెట్టుకోకండి. ఆవిడ ప్రేమతోనే పెట్టారు, మేం ఇచ్చినదే పెట్టారు. నెలల తరబడి వాడారు కాబట్టి పాప రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించమని పిల్లల డాక్టరును అడగండి. డెసిలీటరు రక్తంలో 3.5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే జాగ్రత్త పడాలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021లో నిర్ణయించింది. అంకె ఎక్కువ వచ్చినా బెదిరిపోకండి, డాక్టరు చెప్పినట్టు చేయండి. ఇంట్లో మిగిలిన సుర్మా డబ్బాను పారేయకుండా మూత గట్టిగా బిగించి, ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళండి.