పాప నిజమే చెప్తాది (పలకా బలపం – 11)

పోయిన డిసెంబరులో నా పాత విద్యార్థిని ఒకామె ఫోన్ చేసింది. అవుకు మండలంలో ఉంటుంది. ఊరి పేరు, ఆమె పేరు చెప్పను. ఎందుకు చెప్పనో చదివితే మీకే తెలుస్తుంది. పాపకు మూడేండ్లు నిండినాయి. ఒక ప్లే స్కూల్లో వేశారు. స్కూలు గ్రూపులో మెసేజ్ వచ్చింది. శనివారం 'మా ఇంటి పండుగ' కార్యక్రమం. పిల్లలందరూ ఇంట్లో చేసుకునే పండుగకు తగ్గట్టు తయారై రావాలి, మైకులో రెండు ముక్కలు చెప్పాలి.

"ఏం చెప్పించల్ల సార్?" అనింది.

"మీరేం చేసుకుంటారో అదే చెప్పించు మ్మా."

"సర్టిఫికెట్లో ఏముందో మీకు తెల్దా సార్? ఉగాది అని నేర్పిస్తాండా. కానీ అది నిజమే చెప్తాది. అదే నా భయం."

ఆ శనివారం పాపకు జ్వరమని గ్రూపులో పెట్టింది. జ్వరం లేదు.

ఈ భయం కొందరికి అర్థం కాకపోవచ్చు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువైతేనే షెడ్యూల్డ్ కులం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ దళితులు, ముస్లిం దళితులు నేటికీ బయటే. దేవుణ్ణి మార్చుకున్నా వాడ మారలేదు, పని మారలేదు, పక్కవాళ్ల చూపు మారలేదు. కాగితం మాత్రం మారాలంటారు. అందుకే మన వాడల్లో ఎన్నో ఇండ్లలో కాగితం మీద ఒక మతం, గుమ్మానికి వేలాడే నక్షత్రం ఇంకో మతం. ఆ రెంటి మధ్య ఇరుకులోకి మూడేండ్ల పాపను మైకిచ్చి నిలబెట్టాం.

ఆ స్కూలువాళ్లు చెడ్డవాళ్లని నేననను. అన్ని పండుగలూ కలపాలన్న మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటారు. అయితే ఇంట్లో ఏ పండుగ చేసుకుంటామో చెప్పడానికి ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదని వాళ్లు అనుకున్నారు. అట్లా అనుకోగలగడం కూడా ఒక కులసౌఖ్యమే.

"పసిపిల్లలకు కులమేం తెలుస్తుంది సార్, మీరన్నీ కులంతోనే చూస్తారు" అంటారు. నిజమే, రెండేండ్ల బిడ్డకు కులం పేరు తెలియదు, దేవుడి పేరూ తెలియదు. కానీ ఎవర్ని ఎత్తుకుని ముద్దు చేస్తున్నారో తెలుసు. ఎవరికి కిరీటం పెట్టారో, ఎవర్ని వెనక నిలబెట్టి చప్పట్లు కొట్టమన్నారో తెలుసు. కృష్ణాష్టమి వస్తుంది. అద్దె బట్టలు తెచ్చిన పిల్లోడు కృష్ణుడు. తేలేని ఇంటి పిల్లోడు? అంబేద్కర్ తన చిన్ననాటి బడి గురించి రాసుకున్నప్పుడు చెప్పింది పాఠాల గురించి కాదు. ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా గురించి, ప్యూను తిప్పితే తప్ప తాగడానికి వీల్లేని కుళాయి గురించి. బడి మొదట నేర్పేది అక్షరం కాదు, ఎక్కడ కూర్చోవాలో.

ప్రైవేటు స్కూలు సంగతి పక్కన పెడదాం. మన వాడ పిల్లల్లో ఎక్కువమంది అంగన్‌వాడీకే పోతారు. అది సర్కారు డబ్బుతో నడిచేది, 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్‌ది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెప్తుంది. అంగన్‌వాడీ ఆ మాట కిందికి వస్తుందా రాదా అని లాయర్లు వాదించుకోనీ. దాని స్ఫూర్తి ఆ గదిలోకి రాకూడదని ఎవరూ అనలేరు కదా. పండుగ రోజు ఆ గదిలో పూజ కాదు, ఆట ఉండాలి.

ఏం ఆట అంటారా? నేను సాహిత్యం చెప్పేవాణ్ణి, పసిపిల్లల టీచరును కాను. అయినా అంగన్‌వాడీ అక్కలతో మాట్లాడి ఒక వరస అనుకున్నాను.

సంక్రాంతికి జొన్నకంకి, కందికొమ్మ తెచ్చి చేతికియ్యండి. విడిగింజలు మాత్రం వద్దు, ముక్కులో పెట్టుకుంటారు. ఆ కంకి కోసింది మీ అమ్మేనని ప్రతి బిడ్డకూ చెప్పొచ్చు, అది కూలి ఇండ్ల పిల్లలు తలెత్తుకునే మాట. ఉగాదికి పక్కనే ఉన్న బనగానపల్లె మామిడి పచ్చికాయ, బెల్లం, వేపపువ్వు నాలిక మీద పెట్టి మొహాలు చూడండి. పీర్ల పండుగకు తప్పెట వినిపించండి, పిల్లలనూ కొట్టనియ్యండి. సీమలో పీర్ల ముందు నడిచేది ఒక్క మతంవాళ్లు కాదు, ఒక్క కులంవాళ్లూ కాదు. రంజాన్‌కు నెలవంక, క్రిస్మస్‌కు రంగుకాగితం నక్షత్రం. అది అందరి చేతా చేయించండి, "ఇది ఎవరింట్లో కడతారు?" అని మాత్రం అడగొద్దు. పెట్టుకోవాల్సిన నియమాలు మూడే. ఇంటి నుంచి డబ్బు, బట్టలు అడగకూడదు. ఇంటి గురించి బిడ్డను బయటపెట్టే ప్రశ్న వేయకూడదు. ఒక్కర్ని ఎక్కించి మిగతావాళ్లను చప్పట్లకు కూర్చోబెట్టకూడదు.

ఇప్పుడు మనవాళ్లకు ఒక మాట. ఏప్రిల్ 14న మనం చేస్తున్నదేమిటి? రెండేండ్ల పిల్లోడికి నీలం కోటు తొడిగి, ముక్కు మీద నిలవని కళ్లద్దాలు పెట్టి, వేలు చూపించమని ఎండలో నిలబెట్టి ఫోటో తీస్తున్నాం. వాడు ఏడుస్తుంటాడు, మనం జై భీమ్ అంటుంటాం. కృష్ణుడి వేషానికీ దీనికీ బిడ్డ వైపు నుంచి తేడా ఏముంది? నేనూ మా అన్న కొడుక్కి ఆ కోటు కొన్నవాణ్ణే. తప్పు ఒప్పుకుంటున్నా.

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చౌదార్ చెరువు నీళ్లు తాగినారు. ఆ రోజును పసిపిల్లలకు ఎట్లా చెప్పాలి? ఉపన్యాసం అక్కర్లేదు. ఒక పెద్ద తొట్టి నిండా నీళ్లు పోసి నడిమధ్యన పెట్టండి. నాలుగు గ్లాసులు వెయ్యండి. అందరి చేతులూ ఒకే నీళ్లలో మునగాలి. మార్చి ఎండలకు దానికి మించిన పండుగ ఉండదు. ఆయా కూడా అందులో చెయ్యి పెట్టాలి, టీచరూ పెట్టాలి. మన రిజర్వాయర్ ఉన్న ఊళ్లో ఒక తొట్టికి నీళ్లు దొరకవా?

ఇదంతా చెయ్యాల్సింది అంగన్‌వాడీ అక్కలే. 2023 డిసెంబరు 12న సమ్మెకు కూర్చుని, క్రిస్మస్, కొత్త సంవత్సరం, సంక్రాంతి మూడూ శిబిరాల్లోనే గడిపి, 42 రోజులు నిలబడినవాళ్లు. అప్పటికి టీచరుకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. మన పిల్లలకు పండుగ చెయ్యమని వాళ్లను అడిగేముందు వాళ్ల పండుగ ఎట్లా జరుగుతోందో అడగాలి.

విద్యార్థి మిత్రులారా, ఈ నెల సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఒక పూట మీ అంగన్‌వాడీలో కూర్చోండి. గోడ మీద ఏ బొమ్మలున్నాయో, నీళ్ల బిందె దగ్గరికి ఎవరి చెయ్యి పోతోందో చూడండి. ఆ అక్కకు ఒక తొట్టి మోసి పెట్టండి. మైకు పట్టుకోవడానికి మనకు చాలా ఏండ్లుంది.

జై భీమ్.