అమ్మా, ఎయిర్‌పోర్టూ, ఓ యాంటెన్నా వైరూ

కిందటి అక్టోబర్లో మా అమ్మ మొదటిసారి అమెరికా వచ్చింది. హైదరాబాద్ నుంచి దుబాయ్, అక్కణ్ణుంచి డాలస్. ఒక్కతే. విమానం ఎక్కడం అదే మొదలు, ఇంగ్లీషు అంతంతమాత్రం. "నువ్వు బయటికి రాగానే ఎదురుగా నేనుంటానమ్మా, కంగారుపడకు" అని ఫోన్లో పదిసార్లు చెప్పాను.

ఎదురుగా నేను లేను. గంటా ఇరవై నిమిషాల పాటు లేను.

ఆ గంటా ఇరవై నిమిషాలూ నేను 635 హైవే మీద ఉన్నాను. డాలస్‌లో ఉండే మనవాళ్ళకి ఈ రోడ్డు గురించి చెప్పక్కర్లేదు. అసలే రద్దీ, దానికి తోడు అప్పుడు ఎక్కడ చూసినా విస్తరణ పనులు జరుగుతుండేవి. ఆరోజు ముందెక్కడో ఒక ట్రక్కు అడ్డం తిరిగింది. నేనుండేది రిచర్డ్‌సన్‌లో. ముందే తెలిసుంటే టోల్ కట్టి జార్జి బుష్ టర్న్‌పైక్ మీదుగా పోయేవాణ్ణి. తెలియజెప్పడానికే కదా డబ్బులు పోసి ట్రాఫిక్ రిసీవర్ ఉన్న జీపీఎస్ కొనుక్కున్నది! అది అద్దానికి అతుక్కుని, మొహంలో ఏ భావమూ లేకుండా "ఇలాగే తిన్నగా వెళ్ళు" అంటోంది. తెరమీద ఒక్క ఎర్రగీత కూడా లేదు.

ఫోన్లో మ్యాప్ ఉండగా ఈ డబ్బా ఎందుకంటారా? నా ఫోన్‌కి నెలకి రెండొందల ఎంబీ డేటా. మిగతాది మీరే ఊహించుకోండి.

నేను చేరేసరికి అమ్మ ట్రాలీ పక్కన సూట్‌కేసు మీద కూర్చునుంది. ఎవరో తెలుగాయన ఫోన్ ఇచ్చి నాకు చేయించాడట. నేనేమో అప్పుడు హారన్ల మధ్య ఉండి ఎత్తలేదు. అమ్మ తిట్టలేదు. "వచ్చావా నాన్నా" అంది అంతే. తిట్టుంటే బాగుండేది.

ఆ శనివారం ఆ రిసీవర్ సంగతి తేల్చుకుందామని కూర్చున్నాను. రోజూ సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ణి కాబట్టి ముందు సాఫ్ట్‌వేర్నే అనుమానించాను. అప్‌డేట్ చేశాను, రీసెట్ చేశాను. ఏం మారలేదు. తర్వాత కనపడింది, తెర మూలన ట్రాఫిక్ గుర్తు బూడిదరంగులో ఉంది. అంటే అర్థం రోడ్డు ఖాళీ అని కాదు, అసలు కబురే అందట్లేదని. కబురు అందకపోయినా తెర ఖాళీయే, రోడ్డు ఖాళీగా ఉన్నా తెర ఖాళీయే. ఎండలో డ్రైవ్ చేస్తూ ఆ చిన్న గుర్తు రంగు ఎవడు చూస్తాడు? ఇలాంటి తెర నేను ఆఫీసులో చేసిపెడితే మా టెస్టింగ్ వాళ్ళు నన్ను బతకనివ్వరు.

కబురు ఎక్కణ్ణుంచి రావాలి? ఇక్కడే చాలామంది పొరబడతారు. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి మనకి తెలిసేది మనం ఎక్కడున్నామో మాత్రమే. ట్రాఫిక్ సంగతి వాటికేం తెలుసు? నా దగ్గరున్నలాంటి రిసీవర్లకి అది మామూలు ఎఫ్ఎమ్ రేడియో స్టేషన్ నుంచి వస్తుంది. స్టేషన్ పాటలు వేస్తుండగానే, మన చెవికి వినపడనంత పైన, 57 కిలోహెర్ట్జ్ దగ్గర, సన్నని దారంలా కొంత డేటా కూడా పంపుతుంది. దాన్ని ఆర్‌డీఎస్ అంటారు. స్టేషన్ పేరు రేడియో మీద అక్షరాల్లో కనపడేది దానివల్లే. ఆ దారంలోనే ట్రాఫిక్ కబుర్లూ వస్తాయి, వాటి పేరు టీఎమ్‌సీ. సెకనుకి 1187.5 బిట్లు, అదీ స్టేషన్ పేరు వగైరాలతో పంచుకుని. అంత ఇరుకులో వాక్యాలు పట్టవు కాబట్టి అన్నీ నంబర్లే: ఫలానా నంబరు చోట ఫలానా నంబరు సంఘటన. ఆ నంబరు ఏ రోడ్డో, ఏ ఎగ్జిట్టో జీపీఎస్ తనలో ఉన్న పట్టికలో వెతుక్కుంటుంది.

ఈ దారం చాలా సన్నం. పాటతో పోలిస్తే దానికిచ్చే బలం తక్కువ. సిగ్నల్ నీరసించినప్పుడు పాట గరగరమన్నా మన చెవి సర్దుకుంటుంది. డేటా మాత్రం ముందే తెగిపోతుంది. అందుకే "నా రేడియో బాగానే పాడుతోందిగా" అనుకోవడానికి లేదు.

మరి నా రిసీవర్‌కి యాంటెన్నా ఏది? దానికి పెట్టుకోడానికి ఒక సన్నటి వైరిచ్చారు. నేనేం చేశానంటే, వేలాడుతుంటే అసహ్యంగా ఉందని దాన్ని చుట్టచుట్టి, రబ్బరుబ్యాండేసి, డాష్‌బోర్డు కిందకి తోసేశాను. చుట్టూ ఇనుము, పక్కనే చవకరకం చార్జర్. 100 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు మూడు మీటర్లు. దాన్ని సరిగ్గా పట్టాలంటే అందులో పావువంతు, 75 సెంటీమీటర్ల తీగ తిన్నగా నిలబడాలి. నా కారు మడ్‌గార్డు మీదున్న కర్ర యాంటెన్నా కొలిచి చూశా. దగ్గర దగ్గర అంతే ఉంది! ఇంత మంచి యాంటెన్నా నెత్తిన పెట్టుకుని నేను రబ్బరుబ్యాండు చుట్టని నమ్ముకున్నాను.

దాన్నే రిసీవర్‌కి కూడా కలిపేద్దామనుకున్నా. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో అమ్మ మడత కుర్చీ వేసుకుని, ఊడదీసిన స్క్రూలు స్టీలు గిన్నెలో పట్టుకుని కూర్చుంది. రేడియో బయటికి లాగే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. కొన్ని కార్లలో అలా తీస్తే రేడియో మళ్ళీ కోడ్ అడుగుతుంది, అది ముందే దగ్గర పెట్టుకోండి. రేడియో వెనక విడిగా, లావుగా ఉండే ఒంటి కేబులే యాంటెన్నాది. దాన్ని పీకి మధ్యలో ఒక వై ఆకారపు వైరు పెట్టాను. ఒక కొస రేడియోకి, ఒక కొస రిసీవర్‌కి.

గుర్తు ఆకుపచ్చ అయింది గానీ రేడియో పాడైంది. ఒకటే బుర్ర్‌మని మోత.

అప్పుడు అమ్మ అంది, "మన కింది వాటా వాళ్ళు మన డాబా మీద యాంటెన్నాకి వైరు కలుపుకున్నప్పుడు కూడా ఇంతే కదరా. వాళ్ళు టీవీ పెడితే మనకి చుక్కలొచ్చేవి."

అక్షరాలా అదే. మాకు దూరదర్శన్ రోజుల్లో నాన్న డాబా ఎక్కి తిప్పడం, నేను మెట్ల మీద, అమ్మ టీవీ ముందు, "వచ్చిందా?" "ఇంకొంచెం!" అని అరుచుకోవడం రోజూ ఉండేది. అప్పుడు కింది వాటా వాళ్ళు బాగానే బతిమాలి ఊరికే వైరు మెలిపెట్టి పోయారు. ఇంజనీరింగ్ చదివిన నేను ఇప్పుడు అదే పని చేశాను. రెండు పరికరాలూ ఒకదాని మోత ఒకదానికి పంపుకోకుండా ఆపేది సరైన స్ప్లిటర్. అదేదో పెద్ద ఖరీదు కూడా కాదు. అది పెట్టినా సిగ్నల్ సగం సగమే అవుతుంది. కానీ కర్ర యాంటెన్నాలో సగం, నా రబ్బరుబ్యాండు చుట్ట మొత్తం కన్నా ఎన్నోరెట్లు నయం. చార్జర్ కూడా మార్చాను. మీది మోత చేస్తోందో లేదో తెలుసుకోవాలంటే రేడియోలో నీరసంగా వచ్చే స్టేషన్ పెట్టి చార్జర్ గుచ్చి చూడండి, చెవికే తెలిసిపోతుంది.

మీరూ చేద్దామనుకుంటే ఒక్కమాట. కొన్ని కార్ల యాంటెన్నాలో చిన్న యాంప్లిఫైయర్ ఉంటుంది, దానికి కరెంటు రేడియో నుంచి ఆ యాంటెన్నా కేబుల్లోంచే వెళ్తుంది. అలాంటిచోట ఏదో ఒక స్ప్లిటర్ పెడితే ఆ కరెంటు ఆగిపోతుంది, లేదా పన్నెండు వోల్టులూ వెళ్ళి మీ రిసీవర్ నెత్తిన పడతాయి. రిసీవర్‌కి విడిగా యాంటెన్నా పెట్టే చోటు లేకపోతే, అంటే కరెంటు వైరే యాంటెన్నా అయితే, దాన్ని కోయకండి. చుట్ట విప్పి అద్దం అంచున తిన్నగా పరవండి, చాలామందికి అదే సరిపోతుంది. అద్దం పక్క స్తంభం లోపలికి మాత్రం దూర్చొద్దు, అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉండొచ్చు.

నష్టం లేకుండా పోలేదు. అమ్మకి అలవాటైన హిందీ పాటల స్టేషన్ ఏఎమ్‌లో వస్తుంది. స్ప్లిటర్ పెట్టాక అది బావిలోంచి పాడుతున్నట్టయింది. "నీ గుర్తు పచ్చగా ఉందిగా, చాల్లే" అనేసింది.

ఏప్రిల్లో అమ్మ తిరుగు ప్రయాణం. బయల్దేరిన అయిదు నిమిషాలకి 635 మీద ఎర్రగీత పడింది. టర్న్‌పైక్ ఎక్కేశాను. ఎంత ఖాళీగా ఉందంటే, విమానానికి నాలుగు గంటల ముందే ఎయిర్‌పోర్టులో ఉన్నాం. కుర్చీలో కూర్చుని పులిహోర డబ్బా మూత తీస్తూ అమ్మ అంది:

"ఇంకో గంట ఇంట్లోనే ఉండేవాళ్ళం కదరా."