ఇనుప తడికలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో పొలముగట్టున రేకుల షెడ్డు లేచుట నేడు వింత కాదు. నీరుగట్టువారిపల్లెలో పట్టు మగ్గములు, కుప్పము వైపున గ్రానైటు, మదనపల్లె చుట్టును టొమాటో వ్యాపారము, వీనికి అనుబంధముగ బయలుదేరిన చిన్న పరిశ్రమలు ఈ మెట్టసీమ జీవనమును మార్చుచున్నవి. భూమిగల ఆసామి షెడ్డు కట్టి అద్దెకిచ్చును. అద్దెకు పుచ్చుకొన్నవాడు యంత్రములు దింపును. కొంతకాలమునకు సరుకు పోవుచున్నదనియో, తనిఖీదారు వచ్చుననియో, బజారునుండి ఇనుప జాలీ చుట్టలు తెప్పించి, దొరికిన చోట కమ్మీలు పాతి అడ్డము కట్టించును. ఈ క్రమము తలక్రిందులైనదని మా అభిప్రాయము. పశువుల పాక వేయు పుంగనూరు రైతు సయితము పశువు ఎటు వచ్చి ఎటు పోవునో చూచుకొని గదా గాటికి చోటు నిర్ణయించును! మనుష్యులు పనిచేయు చోట ఆ మాత్రపు ముందుచూపు వలదా?

జాలీ తడిక మంచి సాధనమే. ఇటుక గోడ గాలిని, వెలుతురును మూసివేయును, తడిక మూయదు. లోపలివాడు క్రిందపడినచో వెలుపలివానికి కనబడును. అవసరమైనప్పుడు విప్పి వేరొకచోట బిగింపవచ్చును. పైకప్పునుండి నీరు చిమ్ము అగ్నినివారణ గొట్టములున్నచో తడిక ఆ నీటికి గోడయంత అడ్డు రాదు. ఇన్ని గుణములుండుట చేతనే దీనిని ఆలోచన లేకుండ వాడుట సులభమైనది.

తడిక కట్టించువారు ఎరుగని ముఖ్యవిషయమొకటి కలదు. జాలీ కన్నమెంతయో, యంత్రమునకు జాలీకి నడుమ దూరమెంతయో, ఈ రెండును విడదీయరానివి. ఐ.ఎస్.ఓ. 13857 అను అంతర్జాతీయ ప్రమాణము దీనికి లెక్క కట్టి యిచ్చినది. చతురస్రపు కన్నము 40 మిల్లీమీటర్లకు మించి 120 మిల్లీమీటర్ల లోపున నున్నచో మనుష్యుని చేయి భుజము వరకు దూరగలదు. కావున తిరుగు భాగమునకు తడిక 850 మిల్లీమీటర్ల, అనగా రమారమి 34 అంగుళముల దూరమున నుండవలయును. మన బజారులలో విరివిగా అమ్ముడుపోవు రెండంగుళముల జాలీ ఈ తరగతిలోనిదే. అదే అంగుళపు కన్నమైనచో 120 మిల్లీమీటర్ల దూరము చాలును. పది మిల్లీమీటర్ల కన్నమునకు 25 మిల్లీమీటర్లే చాలును. ఇక మన షెడ్లలో జరుగుచున్నదేమి? యంత్రమును గోడకానించి నిలిపిన పిమ్మట మిగిలిన జానెడు సందులో రెండంగుళముల జాలీ బిగించి, రక్షణ కల్పించితిమని తృప్తిపడుదురు. దారము చిక్కుపడినదని పనివాడు కన్నములోనుండి వ్రేళ్లు పెట్టును. ఆ తడిక అతనిని ఆపలేదు సరికదా, నిర్భయముగ దగ్గరకు రమ్మని పిలిచినది. ముప్పదినాలుగు అంగుళములు విడువవలెనన్నచో ఆ మాట షెడ్డు పటము గీయునాడే తలపునకు రావలయును. యంత్రము నేలకు బిగిసిన తరువాత వచ్చిన తెలివికి స్థలము దొరకదు.

మన షెడ్లలో పనిచేయువారిలో స్త్రీలనేకులు. చీరచెంగు, జడ, చున్నీ పట్టీయంత్రపు చక్రములకు అతి సులభముగ చిక్కునవి. కావున పట్టీలకు, పళ్లచక్రములకు సన్ననికన్నపు జాలీయో, కన్నమే లేని రేకు తొడుగో ఉండవలయును. రాతిపని సంగతి మరియు భిన్నము. గ్రానైటు గనులలో వజ్రపు పూసలు గ్రుచ్చిన తీగతో రాతిని కోయు పద్ధతి కలదు. ఆ తీగ తెగినపుడు పూసలు తుపాకి గుండ్లవలె ఎగురును. వానికి జాలీ కన్నము రాజమార్గము! అట్టిచోట దళసరి రబ్బరు తెరయో, ఉక్కు పలకయో కావలసియుండగా తడిక కట్టి ఊరకుండుట ఆత్మవంచన.

ఇంతకంటె ఘోరమైన సంగతి ద్వారములది. తడికలో అధికభాగము సరుకు దొంగతనము పోకుండుటకై కట్టబడునది. కనుకనే దానికి తాళము పడును. 1911 మార్చి 25న న్యూయార్కు నగరములోని ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారమున 146 మంది పనివారు అగ్నికి ఆహుతియైరి. వారు తప్పించుకొనవలసిన ద్వారమునకు తాళము వేసియుండెను. అది పరదేశపు పాత కథయని త్రోసివేయుటకు వీలులేదు. 2019 డిసెంబరు 8న ఢిల్లీ అనాజ్ మండీలోని ఇరుకు కర్మాగారమున 43 మంది మరణించిరి. 2022 మార్చి 23న సికిందరాబాదు బోయిగూడలోని తుక్కు గోదాములో, పైఅంతస్తున నిద్రించుచున్న బీహారు కూలీలు 11 మంది దిగుటకు దారి దొరకక ప్రాణములు విడిచిరి. సరుకును కాపాడు ఏర్పాటు మనుష్యుని బంధించునదైనచో దానికి గిడ్డంగియని పేరెందుకు, చెరసాల యనవచ్చును. లోపలనున్నవాడు తాళపుచెవి లేకుండ, చీకటిలో, ఒక్క త్రోపుతో తెరువగల తలుపు ప్రతి తడికకును ఉండవలయును. అది వెలుపలికే తెరచుకొనవలయును. యంత్రము చుట్టునున్న తడిక తలుపైనచో, తెరచిన తోడనే విద్యుత్తు ఆగిపోవు స్విచ్చి దానికి తగిలించుట ఉత్తమము.

తడిక మంటను ఆపదు. గాలి పోవు కన్నమున పొగయు పోవును, జ్వాలయు పోవును. నూనెలు, రసాయనములు, అట్టపెట్టెలు నిలువచేయు చోట గోడయే శరణ్యము. నేత షెడ్లలో జాలీకి పట్టు నూగును ఎప్పటికప్పుడు దులుపకున్నచో అదియే వత్తి యగును. తడికకు ఎర్తింగు చేయించుట మరువరాదు. విద్యుత్తీగ తొడుగు ఒరుసుకొని తెగినచో షెడ్డు పొడవున నున్న జాలీయంతయు ప్రాణాంతకమగును. మదనపల్లెలో గాని, కుప్పములో గాని దీనిని చేయలేని ఎలక్ట్రీషియను లేడు. చేయించుమని అడిగిన యజమానులు మాత్రము అరుదు.

చట్టము సంగతి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 21వ సెక్షనులో తిరుగు యంత్రభాగములకు దృఢమైన కంచె ఉండవలెనని స్పష్టముగ విధించెను. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వృత్తిభద్రతా కోడు ఆ చట్టము స్థానమును ఆక్రమించినది. విద్యుత్తు వాడు చోట పదిమంది పనివారున్న చాలునని పాత చట్టము ఫ్యాక్టరీకి పెట్టిన లెక్కను ఇది ఇరువదికి పెంచినది. విద్యుత్తు లేనిచోట ఇరువది యుండగా నలుబది చేసినది. పదిమందికి తగ్గని స్థాపనములపై సాధారణ విధులను కోడు నిలిపియే యున్నది. అయినను మన సీమలోని షెడ్లలో పెక్కు ఈ పది, ఇరువది నడుమ నూగులాడునవే. ఫ్యాక్టరీయను పేరు తప్పినవెంటనే యంత్రము పళ్లు మొద్దుబారవు గదా! చిన్న పరిశ్రమలకు కాగితపు బరువు తగ్గించుట మాకును సమ్మతమే. కాని పదునైదుగురు పనిచేయు చోట వ్రేలు తెగినచో ఆ కుటుంబమునకు కలుగు నష్టము ఐదువందలమంది పనిచేయు చోట కలుగుదానికి తీసిపోదు.

తడికకు కావలసిన సామగ్రి అపురూపమైనది కాదు. వెల్డు చేసిన జాలీ, గొలుసల్లిక జాలీ అని రెండు విధములు బజారులో దొరకును. గొలుసల్లిక చవుక, కాని ఒక్క తీగ కత్తిరించి లాగినచో వరుస విడిపోవును. గేజి సంఖ్య పెరిగినకొలది తీగ సన్నబడునని తెలియక మోసపోవువారు కలరు: ఎనిమిదవ గేజి తీగ నాలుగు మిల్లీమీటర్లు, పదవది మూడుంబావు మిల్లీమీటర్లు. యాంగిలు చట్రమునకు బిగించి, నేలకు బోల్టులు వేయుట మన ఊరి వెల్డింగు పనివాడు నేర్పుతో చేయగలడు. దూరదేశపు కంపెనీనుండి తెప్పించవలసినదేమియు లేదు. అతనికి కావలసినది కొలతలు వేసిన పటము. అది మాత్రము యజమాని ఇయ్యవలసినది.

షెడ్డు అద్దెకిచ్చు ఆసాములకు మా మనవి యిది. ఒడంబడిక వ్రాయునపుడే యంత్రములెచట నిలుచునో, తడిక లెచట వచ్చునో, నడచు దారి, రెండవ ద్వారము ఎచటనుండునో తెలుపు పటమును పత్రమునకు జతపరచుకొనుడు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము మునిసిపాలిటీలు కట్టడమునకు అనుమతి నిచ్చునపుడు ఆ పటమును అడుగవలయును. తోతాపురి మామిడి దిగుటకు ముందు చిత్తూరు సీమలోని గుజ్జు కర్మాగారములు యంత్రములు విప్పి శుభ్రపరచుకొను కాలమున్నది. కొలబద్ద చేతబట్టి తడికనుండి చక్రమునకు దూరము చూచుకొనుటకును, తాళముల స్థానమున త్రోపుగడియలు పెట్టించుటకును ఆ దినములు చాలును.