గీతలు చదవటమూ చదువే!

"మా వాడు ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్చాడు. చేతిపనికి వంక లేదు గాని, ఉద్యోగ పరీక్షల్లో డ్రాయింగు దగ్గర తప్పుతున్నాడు. ఏం చేయమంటారు?" - ఒక తల్లిగారి ప్రశ్న.

అమ్మా! ముందు కాగితం మీది గుర్తు చూడమనండి. మనదేశంలో సాధారణంగా పైనుంచి చూచిన బొమ్మను క్రింద వేస్తారు. అమెరికాలో పైన వేస్తారు. ఇది తారుమారైతే రంధ్రం ఎదుటివైపున పడుతుంది!

తరువాత కొలత. ఇరుసుకు 25 ± 0.02 మిల్లీమీటర్లంటే 24.98కీ 25.02కీ మధ్య ఉండాలి. 25.03 వస్తే మళ్ళీ తరగవచ్చు. 24.97 వస్తే ఇక పాత ఇనుమే. ఈ తేడా చెప్పగలడా అన్నదే పరీక్ష.

ఇంట్లో సబ్బుబిళ్ళ మూల కోసి మూడు బొమ్మలు గీయమనండి. ఆ బొమ్మలు మాత్రమే చూచి చెల్లెలు మరో బిళ్ళ కోయాలి. రెండూ ఒక్కలా వస్తే, గీతలు అతనితో మాట్లాడుతున్నట్లే!