మహమ్మారియు పండుగ పయనములును

శరత్కాలము వచ్చినదనగానే తెలుగువాని మనస్సు ఇంటివైపు మరలును. తెలంగాణమున బతుకమ్మ, ఉభయరాష్ట్రములందును విజయదశమి, వెంటనే దీపావళి. ఈ దినములలో హైదరాబాదు నగరమునుండి పల్లెలకు సాగు జనప్రవాహము మన మేటేట చూచుచున్నదే. ఈ ప్రయాణమును విలాసముగా నెంచుట పొరపాటు. ఏడాదిపొడుగున నగరమునకు తన శ్రమను ధారపోయు కుటుంబము, తల్లిదండ్రుల ముఖము చూచి, తనవారిలో తాను కలిసి, మరల బ్రతుకు బరువు నెత్తుకొనుటకు బలము తెచ్చుకొను సమయ మది. కనుకనే మహమ్మారి ప్రబలియున్న 2020వ సంవత్సరపు శరత్తును మనము మరవరాదు. కోవిడు తెచ్చిన అత్యవసరస్థితి తీరినదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2023 మే 5వ తేదీన ప్రకటించిరి. భయము తీరినది, ఆనాటి ఏర్పాట్ల మంచిచెడ్డలను విచారించు పని మాత్రము మిగిలియున్నది.

మన ప్రజలు పండుగల పేర ఆరోగ్యనియమములను మన్నింపరను నింద ఆ దినములలో తరచుగా వినవచ్చినది. కొందరు మన్నింపని మాట నిజమే. కాని జాతినంతను అనుటకు ఆధారము లేదు. సికిందరాబాదు ఉజ్జయినీ మహాకాళి బోనములకు 1813 నాటి మారిజాడ్యమే మూలమని పెద్దలు చెప్పుదురు. మారిని శాంతింపజేయుటకు వెలసిన ఆ పండుగనే 2020లో జనులు వీధులు వదలి తమ ఇండ్లలో జరుపుకొనిరి. ఖైరతాబాదు గణపతి 2019లో 61 అడుగుల ఎత్తున వెలసినవాడు. 2020లో 9 అడుగులకు దిగెను. బాలాపూరు లడ్డు వేలము ఆ యేడు నిలిచిపోయెను. ఇంత త్యాగమునకు సిద్ధపడిన ప్రజలకు నిగ్రహము లేదనుట న్యాయము కాదు.

మరి ప్రభుత్వములు తమవంతు ధర్మము నెరవేర్చినవా? తెలంగాణాంధ్రముల ఆర్టీసీ బస్సులు ఒకదాని సీమలోని కొకటి పోకుండ మార్చినెలలో నిలిచినవి. అది ఆనాటి కవసరమే. కాని ఆంక్షలు సడలిన పిమ్మటకూడ, ఎవరి బస్సులు ఎదుటివారి సీమలో ఎన్ని కిలోమీటర్లు తిరుగవలెనను తగవు తెగక, నెలలతరబడి అవి కదలలేదు. తుదకు తెలంగాణ బస్సులు ఆంధ్రప్రదేశమున 1,61,258 కిలోమీటర్లును, ఆంధ్రప్రదేశపు బస్సులు తెలంగాణమున 1,60,999 కిలోమీటర్లును తిరుగునట్లు ఒడంబడిక కుదిరినది నవంబరు 2వ తేదీన! విజయదశమి అక్టోబరు 25వ తేదీననే గడచిపోయెను. సంస్థల రాబడి లెక్కింపదగినది కాదని మేమనము. కాని ఎనిమిది దినములు ముందుగా కుదురరాని లెక్క యేమున్నది? పండుగకు పోవలసినవా రందువలన ఆగలేదు. కొందరు హెచ్చుధరలు చెల్లించి ప్రైవేటు బస్సులలో పోయిరి. కొందరు సరిహద్దు తనిఖీకేంద్రమువద్ద పిల్లలతో, మూటలతో దిగి ఆవలి బండి నెక్కిరి. ఒక ప్రయాణము రెండుమూడు గుంపుల ప్రయాణమైనది. దూరము పాటింపుడని ఒకవైపు చాటించుచు, దూరము పాటించు వీలును మరియొకవైపు తొలగించుట యిది.

దీపావళి విషయమున జరిగినదియు నిట్టిదే. పండుగ నవంబరు 14న. బాణసంచా విక్రయమును, వాడుకను నిషేధించుచు తెలంగాణ హైకోర్టు ఉత్తరువు 12న వెలువడెను. దానిని సడలించుచు సుప్రీంకోర్టు 13న ఉత్తరువిచ్చెను. ఊపిరితిత్తుల వ్యాధి దేశమున వ్యాపించియుండగా పొగనుగూర్చి యోచించుట ఎంతయు సబబు. అయితే దుకాణములలో సరుకు దిగి, వర్తకుడు అప్పుచేసి పెట్టుబడి పెట్టిన పిమ్మట న్యాయస్థానములు యోచింపవలసిన అవసర మేల కలిగినది? పరిపాలకులు నెలముందు చేయవలసిన నిర్ణయమును చేయకపోవుటచేతనే గదా!

ఇక హైటెక్ సిటీ మొదలు గచ్చిబౌలివరకు వ్యాపించిన సైబరాబాదు సీమకు వత్తము. ఆ శరత్తున ఆ గాజుమేడలు మూగవోయియుండెను. సాఫ్టువేరు ఉద్యోగులలో అనేకులు నెలలముందే స్వగ్రామములు చేరి, ల్యాప్‌టాపు ముందు కూర్చుండి కొలువు సాగించుచుండిరి. పండుగకు ఇంటికి పోవుటగాక, పండుగే తామున్న ఇంటికి వచ్చుట వారికి తొలిసారి. పరిశ్రమ నష్టపడెనా? లేదు. తెలంగాణ ప్రభుత్వపు లెక్కలప్రకారము ఐటీ ఎగుమతులు 2019-20లో 1,28,807 కోట్ల రూపాయలు. 2020-21లో 1,45,522 కోట్లు. ఉద్యోగులసంఖ్య 5,82,126 నుండి 6,28,615కు పెరిగెను.

ఈ వృద్ధి హర్షింపదగినదే. కాని ఆ మేడల నీడను బ్రతుకువారి మాట యేమి? ఉద్యోగులను రేయింబవళ్ళు చేరవేసిన క్యాబు డ్రైవర్లు, అంతస్తులు తుడిచిన స్త్రీలు, ద్వారములు కాచిన కావలివారు, మాదాపురము కొండాపురములలో హాస్టళ్ళు నడిపినవారు, టీకొట్లవారు: వీరిపని ఇంటినుండి చేయదగినది కాదు. బండి కదలకున్నను దానిపై వాయిదా ఆగదు. గదులు ఖాళీయైనను అద్దె ఆగదు. ఆ సీమ యంచుననున్న లింగంపల్లి స్టేషనునుండియే 2020 మే 1వ తేదీన సుమారు 1,200 మంది వలసకూలీలతో దేశమున తొలి శ్రామిక రైలు ఝార్ఖండులోని హటియాకు బయలుదేరెను. అది పండుగ ప్రయాణము కాదు. కూడు కరవై యిల్లు చేరుట. ఒకే సీమనుండి ఇంటికి పోయిన యీ రెండు తెగలలో ఒకరికి జీతము వెంటవచ్చెను, ఒకరికి రాలేదు. నిగ్రహమును ఇరువురికి సమముగా బోధించి, దాని మూల్యమును ఒకరిచేతనే కట్టించుట ధర్మమా?

ఆ పండుగలనంతరము భయపడినంత ఉపద్రవము రాలేదు. సెప్టెంబరు నడుమ దేశమున దినమునకు తొంబదివేలు దాటిన క్రొత్తకేసులు శరత్తునం దంతయు తగ్గుచు వచ్చినవి. దీనినుండి మనము తప్పు పాఠము నేర్చితిమి. గండము గడచినదని యెల్లరు నమ్మియుండగా, 2021 ఏప్రిలు మే నెలలలో రెండవ అల విరుచుకొని పడి, దినమునకు నాలుగులక్షల కేసులు దాటెను. జాగరూకత పంచాంగమును చూచి పాటించు వ్రతము కాదని ఆ వేసవి చాటినది.

నేడు మాదాపురపు వీధులు మరల క్రిక్కిరిసియున్నవి. దసరాకు నగరము మరల కదలుచున్నది. ఇట్టి నెమ్మది దినములలోనే చేయవలసిన పనులున్నవి. మహమ్మారి వచ్చినను రెండు రాష్ట్రములనడుమ పరిమితముగానైన బస్సులు నడచునట్లు ముందే ఒడంబడిక వ్రాసికొనవలెను. పండుగ నిబంధనలను నెలముందు ప్రకటించు నియమ ముండవలెను. ఇంటినుండి పని సాగునని ఋజువైనది గనుక, అట్టి కాలమున కంపెనీలు పండుగకు ముందు వెనుకలుగా వంతులవారీ వెసులుబాటు కల్పించినచో, ఒక్క రాత్రి జరుగు ప్రయాణము పదునైదు దినములపై సర్దుకొనును. డ్రైవరునకు, ఊడ్చు స్త్రీకి, కావలివానికి కొంతకాలపు వేతనము నిలుచునట్లు కాంట్రాక్టులలోనే షరతు చేర్చవలెను. ఇవి అసాధ్యములు కావు. ఎగుమతుల లెక్కలను సగర్వముగా ప్రకటించు ప్రభుత్వమునకును, పరిశ్రమకును భారములును కావు. మహమ్మారి మరల వచ్చునో రాదో యెవరు చెప్పగలరు? వచ్చినచో ఇంటిలో నుండుమని ప్రజలను కోరు అధికారము, ఈ యేర్పాట్లు చేసియుంచిన ప్రభుత్వమునకే యుండును.